ఐదో సీసా

“ఐదో సీసా ఏది?”

వంటింట్లో పాలు తోడేస్తున్న ఆశమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

“ఏ సీసా అమ్మా?”

“కిటికీలో అయిదుండాలి. నాలుగే ఉన్నాయి.”

వేదవతి సీసాలను మళ్లీ లెక్కపెట్టింది. ఊళ్లో తెలంగాణ, ఆంధ్ర గొడవలకు భయపడి పదిహేను రోజులు నల్లకుంటలో పిన్నిగారింట్లోనే ఉండిపోయి, చిక్కడపల్లిలోని తన అద్దె వాటాకు ఇప్పుడే వచ్చింది. వెళ్లేటప్పుడు తాళంచెవి ఇచ్చింది ఇంట్లో పనిచేసే ఈ ఆశమ్మకే.

పది గంటలకు నారాయణగూడ నుంచి ప్రొఫెసర్ కాశీవిశ్వనాథం గారు వస్తున్నారు. ఆమె పరిశోధన సాగాలో ఆగాలో ఈ రోజే తేలుస్తానన్నారు. ఆ పరిశోధనంతా సీసాల్లోనే ఉంది. భీమిలి నుంచి కుండలో తెచ్చిన సముద్రపు నాచు. మిగిలిన నాచుతో ఆ కుండ ఇంకా పెరట్లోనే ఉంది. నాచు మొలకలను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులన్నీ పోయేలా మందునీళ్లతో కడిగి, కాచి చల్లార్చిన సముద్రపు నీటిలో వేసి, దూదితో మూతలు బిగించింది. పలచని ఆకుల్లా విచ్చుకోవలసిన మొలకలు రెండు నెలలైనా రూపం లేని ముద్దలుగానే ఉన్నాయి. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

“సీసా మీద ‘ముట్టవద్దు’ అని ఇంతింత అక్షరాలతో రాశాను కదా!”

“రాస్తివి. నాకు సదువొస్తే గద.”

“పగలగొట్టావా?”

“లే.”

“పారబోశావా?”

“అయ్యో, పారబోస్తనా!”

“మరి?”

ఆశమ్మ తల వంచుకుంది. “మూత దీసిన.”

వేదవతి కుర్చీలో కూలబడింది. “ఇంక అదెక్కడుంటే ఏం, పాడైపోయినట్టే! మడికట్టుకున్నట్టు కాపాడుకున్నానే! మీ వాళ్లకీ మాకూ పడదని ఇలా కక్ష తీర్చుకున్నావా?”

ఆశమ్మ ముఖం నల్లబడింది. “గట్లనకు బిడ్డా. లొల్లి జేసేటోళ్లు రోడ్డు మీదున్నరు. నేను నీ ఇంట్ల ఉన్న.”

“రేపటి నుంచి రావద్దు.”

బయట రిక్షా ఆగింది. కాశీవిశ్వనాథం గారు నేరుగా కిటికీ దగ్గరకు వెళ్లి, ఒక్కో సీసానూ వెలుగుకు ఎత్తి చూశారు.

“అన్నీ ముద్దలే. మందు ఎక్కువై చచ్చిపోయి ఉంటుందమ్మా. ఇంక ఆపేద్దాం.”

“సార్, ఇంకొక్క నెల...”

“అలాంటి నెలలు రెండయ్యాయి.” ఆయన కాగితం తీసి, కలం మూత విప్పారు.

వంటింట్లోంచి ఆశమ్మ వచ్చింది. కొంగు చాటున సీసా.

“అయ్యా, జర ఇది గూడ సూడుర్రి. అమ్మ కోపం జేస్తదని పొద్దుగాలనే బియ్యం డబ్బా ఎనక వెట్టిన.”

ఆయన సీసా ఎత్తారు. లోపల చిటికెనవేలి గోరంత పచ్చటి ఆకులు. విచ్చుకుని, నీటితో పాటు మెల్లగా ఊగుతున్నాయి.

కలం జేబులోకి వెళ్లిపోయింది.

“ఏం వేశావమ్మా ఇందులో?”

వేదవతి లేచి సీసా దగ్గరకు వచ్చింది.

“కాచిన పాలు ఊకె వెడితే పెరుగైతదా అయ్యా?” ఆశమ్మ భయంభయంగా అంది. “పెరట్ల కుండకెల్లి ఒక చెంచా పాత నీళ్లు తెచ్చి తోడేసిన.”