తాలు కాయలు

"చేతులిటియ్యి యాడీ, సతాయించకు" అంటూ జైరాం తాడు పట్టుకుని తల్లి ముందు నిలబడ్డాడు. ఆ తండాలో అమ్మను యాడి అనే పిలుస్తారు.

సోమ్లి వింటేగా! నాలుగు రోజులుగా ఆమె కంటి మీద కునుకు లేదు. మిర్చి కల్లంలో గొంతుక్కూర్చుని, కాయలన్నిటినీ వరసలు వరసలుగా పేరుస్తూ, ఒక్కోదానికీ ఏదో చెబుతోంది. పోయినసారి కూడా ఇట్లాగే మొదలై, తెల్లారేసరికి అడవి దారిన పోలీసు క్యాంపు దాకా నడిచిపోయింది. తుపాకుల ముందు తల్లిని చూసిన ఆ భయం జైరాం గుండెలో ఇంకా అట్లాగే ఉంది. దూరాన ఏదో ఆశ్రమం ఉందట, ఇట్లాంటివాళ్ళను గదిలో పెట్టి బయట గొళ్ళెం వేస్తారట. డాక్టరు చీటీ ఒక్కటి తెస్తే చాలన్నారట. తల్లిని అక్కడ చేర్చేద్దామని ఆటో కూడా పిలిచేశాడు.

అంతలో అతని పెళ్ళాం కళావతి చాట పట్టుకుని వచ్చి, కల్లం చూసి గుండెలు బాదుకుంది. తాలు కాయలు, అంటే తెల్లగా పాలిపోయి అమ్ముడుపోనివి, మూడు రోజులు నడుం పడిపోయేలా ఏరి పక్కన పోసింది. అత్త వాటన్నిటినీ మళ్ళీ ఎర్రకాయల్లో కలిపేసింది.

"ఏంది అత్తా గిది! చేతులు మండంగ ఏరిన! తాలు, మంచి ఒక్కటేనా నీకు?"

సోమ్లి తలెత్తింది. "తాలుది కాయ గాదానే? అది మాత్రం ఎండల ఎండలేదా?"

"ఎండింది. కొనేటోడు ఏడి మరి?"

"నువ్వొండే కూరల ఏ కాయేసినా ఒకటే రుచి. ఎవడు కొంటే నీకేంది?"

"కళావతీ!" జైరాం కసిరాడు. "మతిలేని మనిషితోని కొట్లాడుతున్నవ్. సిగ్గు లేదా?"

కళావతి నాలుక కరుచుకుంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు కూడా బుగ్గలు నొక్కుకున్నారు. ఏం చేస్తుంది, ఆమె నోరు అట్లాంటిది. అత్త ఒకటంటే తను రెండనకపోతే తిన్నది అరగదు.

జైరాం తల్లి చేతులు కట్టి ఎక్కించాడు, కళావతి కూడా ఎక్కింది, ఆటో కదిలింది. "ఏమైందన్నా ఆమెకు?" అన్నాడు ఆటో అతను. "నిద్ర లేదు, తిండి లేదు" అన్నాడు జైరాం. మండల దవాఖానాలో చీటీ రాసే అమ్మాయి "ఆమె పేరేంది? ఒంటికి నీళ్ళు పోసుకుంటుందా?" అంది. దానికీ జైరామే జవాబిచ్చాడు. కొడుకూ కోడలి మధ్యన సోమ్లి కట్టేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కొంగు సర్దుకో అత్తా, కాళ్ళకు తట్టుకుంటది" అంది కళావతి ఉండబట్టలేక.

"నా కొంగు నాకెరుకే, నీ ముక్కు తుడుసుకో ముందు."

గురువారం గురువారం వచ్చే మనసు డాక్టరు శ్రావణి, సోమ్లిని చూస్తూనే లేచి నిలబడింది. "ముందు ఆ తాడు విప్పండి."

"ఇప్పితే ఉరుకుతది మేడం."

"ఉరికితే నేను వెంట ఉరుకుతాను. విప్పండి."

విప్పాడు. సోమ్లి ఎటూ ఉరకలేదు. మణికట్లు రుద్దుకుని గాజులు సర్దుకుంది. డాక్టరు బీరువాలోంచి ఒక కాగితం తీసింది.

"సోమ్లమ్మా, పోయిన ఎండాకాలం బాగున్నప్పుడు, సంతకు వచ్చిన రోజు మీరు రాయించిన కాగితం ఇది. మళ్ళీ జబ్బు చేస్తే ఏం చేయాలో, ఏం చేయొద్దో ముందే చెప్పుకునే హక్కు మీకుంది. చదువుతాను, వినండి. నన్ను కట్టొద్దు. గొళ్ళెం పెట్టొద్దు. మందు ఇచ్చే ముందు ఏం మందో నాకు చెప్పాలి. నా గాజులు తీయొద్దు."

"అవ్, గాజులు తియ్యొద్దు" అంది సోమ్లి.

జైరాం ముఖం మాడిపోయింది. "మరి ఆమె మంచీచెడ్డ ఎవలు సూడాలె మేడం? కొడుకును నేనున్న గద. ఆశ్రమానికి చీటీ రాయుండ్రి, సంతకం పెడ్త."

"ఆమె మనసు కుదురుగా లేనప్పుడు ఆమె తరఫున ఎవరు మాట్లాడాలో కూడా ఇందులో ఉంది."

పెన్ను కోసం జైరాం చెయ్యి చాచాడు. డాక్టరు కాగితం పక్కకు తిప్పింది. "కళావతి అంటే మీరేనా?"

కళావతి వెనక్కి తిరిగి చూసింది, ఇంకో కళావతి ఎవరైనా ఉందేమోనని. "నేనా? మాకు ఉప్పూ నిప్పూ మేడం! పొద్దుగాల గూడ తిట్టిన. ఈయన్ని అడుగుండ్రి."

"అవ్ మేడం, ఏదో తప్పు రాసిన్రు" అన్నాడు జైరాం.

"నాకూ అనుమానమొచ్చి రెండుసార్లు అడిగాను. ఈ పేరే చెప్పింది. చెప్పమ్మా, ఆశ్రమమా, ఇల్లా?"

కళావతి చూపు అత్త గాజుల కింద ఎర్రగా కందిన తాడు వాత మీద పడింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇంటికే. మందియ్యుండ్రి, ఏం మందో ఆమెకే చెప్పుండ్రి. తలుపుకాడ అడ్డంగ నేను పండుకుంట, ఎటు పోతదో సూస్త. ఆ తాలంతా మళ్ళ ఆమెతోనే ఏరిపిస్త."

"ఏరను పో" అంది సోమ్లి.

జైరాం తాడును చుట్టలు చుట్టలుగా చుట్టుకున్నాడు. "కన్నకొడుకును మేడం. నన్నెందుకు రాయించలే?"

డాక్టరు కాగితం అడుగున, వేలిముద్రకు కాస్త పైన ఉన్న ఆఖరి మాటలు చదివింది: "నా మనసు బాగలేనప్పుడు ఇంట్ల అందరు నా గురించి మాట్లాడుతరు. నాతోని కొట్లాడేది అదొక్కతే."