బీదర్ బండి

"నేను ముందర చూస్త. నువ్వు పక్కలు చూడు. చెకింగోళ్ళు కనవడితే జెర జల్ది చెప్పు" అన్నాడు హరికిషన్, యాప్రాల్‌లో ఇంటి ముందు కారు స్టార్ట్ చేస్తూ.

కల్పలత సరేనంది. అనకేం చేస్తుంది? సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసుకుంది. కిటికీ పైనున్న పిడిని గట్టిగా పట్టుకుంది. ఈ మధ్య ఈ కారెక్కితే చాలు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటోంది.

కారు మంచిదే. ఎర్రగా బుర్రగా పెళ్ళికొడుకులా ఉంటుంది. నంబరే కర్ణాటకది. బీదర్‌లో బావమరిది వరసాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొన్నాడు హరికిషన్. పక్క రాష్ట్రం బండిని కొని ఇక్కడే తిప్పుకోవాలంటే అక్కడి నుంచి ఎన్ఓసీ తేవాలి, తెలంగాణకు లైఫ్ టాక్సు కట్టాలి, నంబరు మార్పించుకోవాలి. ఈయన ఒక్కటీ చెయ్యలేదు. టాక్సు కూడా కడితే ఇక చవకేముంది అని ఈయన వాదన. రిటైరయ్యాక ఇలాంటి తెలివితేటలు మరీ ఎక్కువయ్యాయి.

కొడుకూ కోడలూ అడిగితే "అన్నీ సక్కగనే ఉన్నయ్" అని నోరు మూయించాడు. కల్పలత చేత మాత్రం తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని. ఆ రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

ఇదంతా చాలనట్టు, సోమవారం నుంచి మనవరాలు లాస్యను తనే బడికి దింపుతానని స్కూలు వ్యాను మాన్పించాడు. బడి కార్ఖానా అనే పేటలో. ఇవాళ శనివారం కదా, ఒకసారి దారి చూసుకుని వద్దామని భార్యను వెంటేసుకుని బయల్దేరాడు. పట్టుబడితే బండిని అక్కడికక్కడే గుంజుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఎడమ దిక్కు ఆటో వస్తున్నది" అంది కల్పలత.

"ఊఁ."

"కుడి దిక్కు స్కూటీ. జెర మెల్లగ పోనీయుండ్రి. అయ్యో, ముసలామె దాటుతున్నది, ఆపుండ్రి!"

కారు కీచుమంటూ ఆగింది. ముసలామె వీళ్ళనూ, వీళ్ళ ఏడు తరాలనూ తిట్టుకుంటూ దాటిపోయింది.

"చెకింగోళ్ళను చూడమంటే రోడ్డంత చదువుతున్నవేందే? నీ లొల్లితోనే నాకు పరేషాన్" అని కసురుకున్నాడు.

"నాకు భయమైతున్నది. ఇంటికి పోదాం పాండ్రి. లాస్యకు వ్యానే మంచిగుండె."

"గిట్ల భయపడితే బతుకుడేనా? సప్పుడు చెయ్యకుండ కూసో."

తిరుమలగిరి దాటారు. కార్ఖానా దగ్గరపడింది. రోడ్డు వారగా రవాణా శాఖ జీపు ఒకటి, నలుగురైదుగురు ఖాకీ బట్టలవాళ్ళు. కల్పలత దూరం నుంచే చూసింది. కిటికీ పైనున్న పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. హరికిషన్ చూసేసరికి కానిస్టేబుల్ బానెట్ ముందు చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు.

"నీ పాడుగాను, ఎందుకు చెప్పలే?" అని పళ్ళు కొరికాడు.

ఇన్‌స్పెక్టర్ ఒకావిడ కిటికీ దగ్గరికి వచ్చి కాగితాలు తీసుకుంది.

"బండి ఇక్కడికొచ్చి ఎన్ని రోజులైంది సార్?"

"మొన్ననే మేడం. మా సుట్టపాయనది. రెండ్రోజుల్ల వాపస్ పంపిస్త." అబద్ధం వెన్నపూసలా జారింది.

ఆవిడ కాగితాలు తిరగేసింది. అన్నీ ఇంకా బీదర్ ఆయన పేరు మీదే ఉన్నాయి. ఒక్క క్షణం ఆలోచించింది. వాటిని తిరిగి హరికిషన్ చేతిలో పెట్టబోయింది. సరిగ్గా అప్పుడు కల్పలతకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొహం తెల్లగా పాలిపోయింది. ఇన్‌స్పెక్టర్ కళ్ళు ఆ మొహం మీద పడ్డాయి.

"అంతేనా అమ్మా?"

"కాదు మేడం" అంది కల్పలత. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఉగాది నుంచి ఈడనే ఉంది. ఆయన కొనుక్కున్నడు. టాక్సు కట్టలే."

హరికిషన్ భార్యను కాల్చేసేలా చూశాడు. ఇన్‌స్పెక్టర్ తాళం కోసం చెయ్యి చాపింది.

"బీదర్ నుంచి ఎన్ఓసీ తెచ్చుకోండి సార్. ఇక్కడ టాక్సు, జరిమానా కట్టి బండి తీసుకుపోండి. అప్పటిదాకా మా దగ్గరే ఉంటది."

బండి వాళ్ళతో వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాలు ఆటో ఎక్కారు.

తిరుమలగిరి దాకా హరికిషన్ తిడుతూనే ఉన్నాడు. "ఒక్క అబద్ధమాడనీకి నోరు రాకపాయె! నీ భయం పాడుగాను, బంగారమసుంటి బండిని చేతులార అప్పజెప్తివి!" ఆ తర్వాత కోపం దిగిపోయింది. లెక్కలు మొదలయ్యాయి. ఆయన లెక్కల మనిషి.

"గంత టాక్సు గట్టి ఎవడు విడిపిస్తడే? బావమరిదికే వాపస్ ఇచ్చేస్త. లాస్యను వ్యాన్లనే పోనీ" అన్నాడు చివరికి, నీరుగారిపోయి.

అంతే. కల్పలతకు ఏడుపు కట్టలు తెంచుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆటో అతను అద్దంలోంచి జాలిగా చూశాడు.

"ఊకో. బండే గదా, పోతే పోయింది" అని హరికిషన్ ఆమె వీపు నిమిరాడు.

పక్కల నుంచి వచ్చేవి కనిపించే చూపు బొత్తిగా పోయింది, ఇక స్టీరింగు ముట్టుకుంటే ఎవరి ప్రాణమో తీస్తారని కళ్ళ డాక్టరు మొత్తుకున్నా వినని ఆ మనిషిని కారు దింపడానికి, నిన్న రవాణా ఆఫీసుకు ఫోన్ చేసి బండి నంబరూ, వచ్చే దారీ చెప్పింది కల్పలతే.