ఏటి ఇసుకలో చెలమలు

ఎండాకాలం ఏరు ఎండిపోతే ఏనుగు ఇసుకలో చెలమ తవ్వేది. అడవి మొత్తానికీ ఆ చెలమలో ఊరే నీళ్ళే దిక్కు. ముందు ఏనుగు తాగేది. తర్వాత ఎవరు తాగాలో కూడా అదే చెప్పేది.

ఒక ఏడు, తను పొర్లే బురదలో పొర్లిందని ఏనుగుకు అడవిపంది మీద కోపం వచ్చింది. "దానితో మాట్లాడేవాళ్ళకి నా చెలమలో చుక్క కూడా దొరకదు" అంది.

జింక బిక్కచచ్చిపోయింది. చిరుత వస్తే ముందుగా అరిచి చెప్పేది పక్కపొదలోని ఆ పందే మరి!

పంది ఊరుకోలేదు, ముట్టెతో ఇసుక తవ్వింది. ముళ్ళపంది ఇంకోచోట గోళ్ళతో గీకింది. ఎక్కడ తవ్వినా నీళ్ళే! ఇన్నేళ్ళూ నోరెండబెట్టుకుని నిలబడ్డామే అని జింక వాపోయింది. ఎవరెప్పుడు తాగాలో అన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి. మధ్యలో పోట్లాడుకున్నాయి కూడా.

కొన్నాళ్ళకి గట్టు విరిగిపడి ఏనుగు చెలమ పూడిపోయింది. మళ్ళీ తవ్వే సత్తువ ఆ ముసలి కాళ్ళకి లేదు. పంది తవ్విన చెలమ దగ్గరికి ఏనుగు వచ్చి అందరి వెనకా నిలబడింది.

"నేనెప్పుడు తాగొచ్చు?" అని మెల్లగా అడిగింది.

"ఇక్కడ దాహం ఎక్కువున్నవాళ్ళే ముందు. ఇవాళ నువ్వే, రా మామా" అంది పంది.

ఎప్పటిలాగే ఆ రోజూ ఏనుగే ముందు తాగింది. అడిగి తాగడం మాత్రం అదే మొదటిసారి.