ఆల్చిప్పలు మూసుకున్న రాత్రి

నీళ్లలో విషం కలిస్తే ఆల్చిప్పలు నోరు మూసుకుంటాయి. శాస్త్రవేత్తగా ఆమె పదేళ్ల పరిశోధన అంతా ఆ ఒక్క సంగతి మీదే నడిచింది. ఫ్యాక్టరీ కాలువ సముద్రంలో కలిసేచోట, బురదలో ఉత్త చేతులు పెట్టి వాటిని ఏరేది. తొడుగులుంటే పట్టు దొరకదనేది. కడుపుతో ఉండి ఏడో నెల వచ్చినా ఆ అలవాటు మానలేదు.

ఆ రాత్రి ప్రయోగశాలలో, శుభ్రమైన నీటి తొట్టిలో ఆల్చిప్పలన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఆమె దగ్గరికి రాగానే టక్కున మూసుకున్నాయి. వెనక్కి తగ్గితే మెల్లగా తెరుచుకున్నాయి.

"బాబాయ్, ఒకసారి ఇక్కడ నిలబడు," అని కాపలా ముసలాయన్ని పిలిచింది.

ఆయన తొట్టి మీదికి వంగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"నన్ను ఇంట్లోనే ఎవరూ లెక్కచెయ్యరమ్మా, ఇక ఇవేం చేస్తాయి," అనుకుంటూ గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

తన నీడకు జడిసి ఉంటాయని ఆమె లైటు ఆర్పింది. చీకట్లో ఒక్క అడుగు ముందుకు వేసింది. టక్కుమన్న చప్పుడు వినిపించింది.

సాయంత్రం నుంచీ కడుపులో బిడ్డ కదులుతూనే ఉంది. ఆమె మెల్లగా కడుపు మీద చెయ్యి ఆనించింది.

లోపల ఏదో టక్కున మూసుకుంది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా కదలిక లేదు.