తలుపు మీద కొంగలు

ఉదయలక్ష్మి ఇంకా ఒక్క మాటా అనలేదు. వచ్చింది, కూర్చుంది, కాఫీ కూడా తాగేసింది. శేషుకుమారికి ఒళ్లు మండిపోతోంది.

దేశం కాని దేశంలో, ట్రుగనీనాలో, ఆ వీధి తెలుగు ఆడవాళ్లంతా ఈ మధ్యాహ్నం శేషుకుమారి హాల్లోనే ఉన్నారు. బెడ్‌రూం తలుపుకీ సీలింగుకీ మధ్య గోడ కోయించి మరీ పెట్టించిన చెక్కపని చూడ్డానికే. పలక నిండా ఎగిరే కొంగలు, మబ్బులు, మధ్యమధ్య సందుల్లోంచి వెలుతురు. జపానువాళ్ల ఇళ్లల్లో గదికీ గదికీ మధ్య పైన ఇలాంటివి పెడతారు, రన్మా అంటారు. ఆ మాట ఈ వీధిలో మొదట పలికింది ఉదయలక్ష్మే. ఆవిడింట్లో రన్మా చూసొచ్చిన దగ్గర్నుంచీ శేషుకుమారికి తిన్నది ఒంటబట్టలేదు.

"క్యోటో నుంచి తెప్పించానండీ. యాంటిక్ పీస్," అంది అందరికీ వినపడేలా.

"సూపర్‌గా ఉందాంటీ," అంది పక్కింటి గీతిక. "ఉదయాంటీ వాళ్లదానికంటే చాలా బిగ్ కదా."

ఆ మాటకి శేషుకుమారి ప్రాణం లేచొచ్చింది. ఓరగా చూసింది. ఉదయలక్ష్మి లేచి తలుపు దగ్గరికెళ్లి, మెడెత్తి ఇటు నుంచోసారి, అటు నుంచోసారి చూసింది. దేనికోసమో వెతుకుతున్నట్టుంది.

"శేషుగారూ, ఒక్క మాట..."

ఏ షాపులో కొన్నారని ఆరా తియ్యడానికే. శేషుకుమారికి ఆ మాత్రం తెలీదా?

"తర్వాత మాట్లాడుకుందాం ఉదయగారూ. ముందు బజ్జీలు తినండి, చల్లారిపోతాయి," అని, ప్లేట్లు అందిస్తున్న మొగుణ్ని చెయ్యి పట్టుకుని బెడ్‌రూంలోకి లాక్కుపోయి తలుపేసింది.

"చూశారా ఆవిడ మొహం? మాడిపోయింది. మూడు కొంగలు పెట్టుకుని మహారాణిలా తిరిగింది ఇన్నాళ్లూ. మనవి ఐదు."

"పోనీలే శేషూ. ఆవిడేదో చెప్పబోయింది, విననిస్తే కదా," అన్నాడు ద్వారకానాథ్.

"ఏం చెప్తుంది? బాగుందని మాత్రం చచ్చినా అనదు. కుళ్లు."

"మరి నీదేంటి?"

శేషుకుమారి అద్దంలో బొట్టు సరిచేసుకుంది.

"వాళ్లింట్లో సోఫా ఎక్కి నేను ఆ రన్మాని ఫోటో తీశానని మాత్రం ఎవరి దగ్గరా నోరు జారకండి."

"నేనెందుకంటాను. కానీ క్యోటో అనేశావేంటి? మన వేర్‌హౌస్ పక్క షెడ్డులో మెషీన్ మీద కోయించిందేగా."

"అంటే ఏమైంది? క్యోటోకీ కోయంబత్తూరుకీ తేడా తెలుసా వీళ్లకి? ఆ గీతికైతే మరీనూ. ఐస్‌క్రీం పుల్లలతో చేసిపెట్టినా సూపర్ ఆంటీ అనేది."

ఆ ఊహకి తనకే నవ్వొచ్చింది. కడుపులో ఇన్నాళ్లూ మండింది ఇప్పటికి చల్లారింది. చీర సర్దుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

ఆగిపోయింది. హాల్లో ఇందాకటి గోల ఏదీ లేదు. కప్పు పెట్టిన చప్పుడు కూడా లేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు, అదీ సరిగ్గా తన నెత్తిమీదే ఉన్నంత దగ్గరగా వినిపించింది.

అవతల నుంచి ఉదయలక్ష్మి, ఎప్పట్లాగే మెత్తగా అంది.

"శేషుగారూ, ఫోటోలో కనపడలేదేమో గానీ, మాదానికి వెనకాల గ్లాసు పలకుందండీ."