ముట్టుకోని డిస్కు

"తప్పు నాదే. ఎవరినీ అననక్కర్లేదు," అన్నాడు భర్త, కంప్యూటర్ పెట్టెను మెకానిక్ బల్ల మీద దించుతూ. "నత్తనడక నడుస్తోంది కదాని చెత్త తీసేద్దామనుకున్నాను. చెత్తనుకుని ఆవిడ ప్రాణం తీసేశాను."

పక్కన నిలబడ్డ భార్య కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

మెకానిక్ స్క్రూలు విప్పుతూ భర్తను మెచ్చుకోలుగా చూశాడు. ఈ కొట్టుకు వచ్చే మొగుళ్ళు తప్పును పిల్లల మీదికో, కరెంటు మీదికో, చివరికి ఇంట్లో పిల్లి మీదికో నెట్టేస్తారు. నాదే అని ఒప్పుకున్నవాణ్ణి చూడటం అతనికి కొత్త.

"ఏముండేవమ్మా ఇందులో?"

"గొంతులు," అందామె.

మూతపడిన బట్టల మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళ గొంతులు. ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళు వంట చేస్తుంటే పొయ్యి పక్కన, మంచాన పడితే మంచం పక్కన కూర్చుని రికార్డు చేసింది. సోమవారం వాటిని విశ్వవిద్యాలయంలో అప్పగిస్తే ఆమె పరిశోధన పూర్తవుతుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం ఖాయమవుతుంది.

"పోనీ, మళ్ళీ వెళ్ళి రికార్డు చేసుకోలేరా?"

"వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరండీ."

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. "ఇంకో కాపీ పెట్టుకోలేదా?"

"పెన్‌డ్రైవ్‌లో ఉండేది. పోయిన నెల ఇల్లు సర్దినప్పుడు ఎక్కడ పడిపోయిందో! పాపం, ఈయన మంచాలు కూడా జరిపి వెతికారు."

"చదువుకున్నవాళ్ళు, మీరే ఇంత అజాగ్రత్తగా ఉంటే ఎలాగమ్మా?"

"ఆవిణ్ణేమీ అనకండి," అన్నాడు భర్త వెంటనే. "ఏమన్నా ఉంటే నన్ననండి."

మెకానిక్‌కు అతని మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

"ఇందులో ఇంకేమైనా పెట్టారా? ఫొటోలు, సినిమాలు?"

"ఈ డిస్కులో నా పని తప్ప ఇంకేమీ పెట్టలేదు. మా పెళ్ళి వీడియో, ఫొటోలు అన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా ఆయనకు తనివి తీరదు."

భర్త సిగ్గుపడ్డాడు. "అందులో ఈవిడ ఎలా నవ్వుతుందో మీరు చూడాలి. ఈ పని మొదలుపెట్టాక ఆ నవ్వే లేదు."

మెకానిక్ డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించాడు. "బెంగపడకమ్మా. డిలీట్ చేయడమంటే ఇంటి ముందు పేరు బోర్డు పీకేయడమే. లోపలి మనుషులు లోపలే ఉంటారు. ఆ ఇంట్లో కొత్తవాళ్ళు దిగితేనే పాతవాళ్ళు పోయేది. సార్, తీసేశాక దీని మీద ఏమైనా ఎక్కించారా?"

"అబ్బే! నేనూ ఇంటర్నెట్‌లో చదివాను. కొత్తవి ఎక్కిస్తే పాతవి ఇక రావట కదా! అందుకే ముట్టుకోలేదు."

"మంచి పని చేశారు. ఒకటీ అరా ఎక్కించినా మిగతావి దొరికేవే అనుకోండి. ఏదీ దొరకకుండా పోవాలంటే డిస్కును పీకలదాకా నింపాలి. పనిగట్టుకుని అంత పని ఎవరు చేస్తారు?"

ఆమె చాలా రోజుల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకుంది. భర్త ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"మరీ ఆశ పెట్టుకోకు. రాకపోతే తట్టుకోలేవు."

"వస్తాయంటున్నారు కదండీ."

"వస్తే మంచిదే. రాకపోయినా కొంపలేమీ మునిగిపోవు. నేనున్నాను, ఇల్లుంది. ఆ ఊరూ ఆ ఉద్యోగమూ పోతే పోయాయి."

ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇలాంటి మనిషినా తను నోటికొచ్చినట్టల్లా తిట్టింది? వారం నుంచి మొహం చూడటం కూడా మానేసింది. అతను మాత్రం పల్లెత్తు మాట అనకుండా కంచంలో అన్నం పెట్టి గది గుమ్మం దగ్గర ఉంచి వెళ్ళేవాడు.

"ఏమండీ, మొన్న కోపంలో ఏదేదో అనేశాను. మనసులో పెట్టుకోకండి."

"పిచ్చిదానా! నీ కోపం నాకు కొత్తా?" అని నవ్వి, అతను టీ తేవడానికి వెళ్ళాడు.

తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది. ఆమె రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి మెకానిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"వచ్చేశాయమ్మా! పేర్లు పోయాయి గానీ సరుకంతా ఉంది. బారెడు జాబితా!"

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. "ముందు ఒక అవ్వ గొంతు వెతికి పెట్టండి. మిల్లు సైరన్ ఎలా మోగేదో నోటితో కూసి చూపించింది. ఆవిడ పోయిందండీ. ఆ కూత ఇంకెక్కడా లేదు."

మెకానిక్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక ఫైలు తెరిచాడు. మూసేశాడు. ఇంకొకటి తెరిచాడు. జాబితా మధ్యలోకి వెళ్ళి ఒకటి, అట్టడుక్కి వెళ్ళి ఒకటి తెరిచి చూశాడు.

"ఏమైందండీ? పాడైపోయాయా?"

"లేదమ్మా. శుభ్రంగా ఉన్నాయి."

భర్త టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చాడు. "ఏమన్నా దొరికాయా?"

మెకానిక్ అతని వంక చూశాడు. "సార్, దీని మీద ఏమీ ఎక్కించలేదన్నారు?"

"ముట్టుకోనే లేదని చెప్పాను కదా!"

మెకానిక్ హెడ్‌ఫోన్ తీసేసి, తెరను ఆమె వైపు తిప్పాడు.

డిస్కు నిండా, మొదట్నుంచి చివరిదాకా, వాళ్ళ పెళ్ళి వీడియోనే.