ఎదురు షోరూం మనిషి

"ఈ స్థలం మీ పేరు మీదే ఉందా, పాక్?"

కార్బురేటర్ విప్పుతూ, తలెత్తకుండానే అడిగింది కినంతి. పెద్దవాళ్లను అయ్యా అన్నట్టు, అక్కడ పాక్ అంటారు. మర్వోతో చేతిలో స్పానర్ ఆగిపోయింది.

"నీకెందుకు?"

"ఊరికే."

ఊరికే అన్న మాటను మర్వోతో ఏనాడూ నమ్మలేదు. ఈ క్లాతెన్ ఊళ్లో ఎవరూ తమకు కావలసింది ముఖం మీద అడగరు. కోడిపెట్ట కావలసినవాడు వానల గురించి మొదలుపెడతాడు. భార్య కూడా అంతే. హాంకాంగ్‌లో ఇంటిపనికి జీతాలు బాగుంటాయట అని ఊరికే అంది. వెళ్లాక అక్కడినుంచి విడాకుల కాగితం వచ్చింది.

ఇప్పుడతనికి మిగిలింది తండ్రి వదిలిపోయిన ఈ రోడ్డుపక్క జాగా. ముందు బైకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. ఎదురుగా కొత్తగా లేచిన అద్దాల షోరూం వాళ్లకు ఈ జాగా కావాలి, బళ్లు నిలుపుకోవడానికి. మొదట టైరు పంక్చరయిందంటూ ఒకణ్ణి పంపారు. వాడు బల్ల మీద కూర్చుని, అన్నదమ్ములెంతమంది అని ఆరా తీశాడు. తర్వాత చుట్టరికం కలుపుకుంటూ ఇంకొకడు వచ్చాడు. ఇద్దరికీ కాఫీ పోసి సాగనంపాడు.

ఇప్పుడీ పిల్ల.

వృత్తివిద్యా బడిలో చదువుతోంది. న్యాయనిర్ణేతలు ఇంజన్లలో దాచిపెట్టిన లోపాలను కనిపెట్టే పోటీలో రాష్ట్రం మొత్తం మగపిల్లల్ని దాటి మొదటిస్థానం కొట్టుకొచ్చింది. బడి గేటుకు ఆమె ముఖంతో పెద్ద బ్యానరు కట్టారు. అలాంటి పిల్లను పని నేర్చుకోవడానికి పెద్ద కంపెనీలు పిలిచి తీసుకుంటాయి. తిండి డబ్బాతో పాటు ఆమెను తెచ్చి అప్పగించిన మాస్టారు హెంద్రోకే అది అర్థం కాలేదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపుతామన్నామనీ, మీ షెడ్డే కావాలని పట్టుబట్టిందనీ చెప్పాడు.

ఏసీ గది వదులుకుని నూనె మడ్డిలోకి ఎవరొస్తారు? ఆరో తరగతిలో బడి మానేసిన మర్వోతోకు కూడా ఆ లెక్క తెలుసు. బడి ముందు అన్నం పొట్లాలమ్మే తన అక్క పర్తీనిని అడిగాడు. ఆమె కొట్టిపారేసింది. మంచి పిల్ల అనీ, బట్టలు కుట్టి తల్లి ఒక్కతే పెంచిందనీ, దాని ముందు బూతులు మాట్లాడవద్దనీ చెప్పింది.

పనిలో వంక పెట్టడానికి లేదు. కష్టమంతా ఆమె చూపులతోనే. టోఫూ అమ్ముకునే ముసలమ్మ మోపెడ్ బాగుచేసి అతను డబ్బు వద్దంటే, కినంతి చేస్తున్న పని ఆపి చూసింది. మీకెవరు వండిపెడతారని ఒకసారి, బ్యాంకు అప్పులేమైనా ఉన్నాయా అని ఒకసారి, మీ తర్వాత ఇదంతా ఎవరు చూసుకుంటారని ఇంకోసారి అడిగింది. ఒకరోజు తుప్పుపట్టిన బోల్టు కదలక, కోపంతో స్పానర్‌ను గోడకేసి కొట్టాడు. ఆమె గోడను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"మనుషుల మీద ఎప్పుడైనా విసిరారా, పాక్?"

"ఇంకా లేదు. నీతో మొదలుపెట్టేట్టున్నాను."

కినంతి నవ్వింది. ఆ నవ్వు కూడా అతనికి నచ్చలేదు.

మర్నాడు షెడ్డు వెనక బావి దగ్గర ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే, చేతులు కడుక్కోవడానికి వెళ్లిన మర్వోతో గోడ ఇవతలే ఆగిపోయాడు.

"చూడాల్సిందంతా చూశాను. లోపాలున్నాయి, సరిపెట్టుకోవచ్చు. అప్పుల్లేవు. ఇక మీరే వచ్చి మాట్లాడండి. ఆలస్యం చేస్తే మళ్లీ మొండికేస్తారు."

తెల్లారగానే మాస్టారుకు కబురు పెట్టాడు. షెడ్డులో ఇద్దరు ముగ్గురు గిరాకీలున్నారు. ఉంటే ఉండనీ, వాళ్లూ వినాలనుకున్నాడు.

"నిన్న ఫోన్లో ఎవరు?"

కినంతి ముఖం ఎర్రబడింది. "అది నేను చెప్పకూడదు, పాక్. పెద్దవాళ్లు చెప్పాల్సింది."

"తెలుసులే. అద్దాల వెనక కూర్చున్న పెద్దవాళ్లేగా."

ఆమె ఎదురు షోరూం వైపు చూసింది. అతనేమంటున్నాడో అప్పుడు అర్థమైనట్టుంది. నోరు తెరిచి, గిరాకీలను చూసి మళ్లీ మూసుకుంది. ఈ పిల్లను వెంటనే తీసుకెళ్లిపొమ్మని మర్వోతో అనేసరికి మాస్టారు బతిమాలాడు. వచ్చే నెల జకార్తాలో దేశస్థాయి పోటీ ఉందనీ, పనిలోంచి తీసేశారని తెలిస్తే బడివాళ్లు ఆమె బదులు ఇంకొకర్ని పంపుతారనీ చెప్పాడు. తన జాగా పోతే తనకు ఏ పోటీ పెడతారని అడిగాడు మర్వోతో.

కినంతి పనిముట్లన్నీ తుడిచి గోడకు తగిలించింది. వెళ్తూ, పెద్దల దగ్గర సెలవు తీసుకునే పద్ధతిలో, అతని చేతిని నుదుటికి తాకించుకోవడానికి వంగింది. మర్వోతో చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె వంగినదల్లా అలాగే లేచి, మాస్టారు బండెక్కింది.

సాయంత్రం పర్తీని వచ్చింది. పండగలకు తీసే బాతిక్ అద్దకం బట్ట కట్టుకుంది, చేతిలో కేకు డబ్బా ఉంది.

"ఎవరి పెళ్లికక్కా?"

"చెప్తాను, కూర్చో. పిల్లేదీ?"

చాలా ఏళ్ల తర్వాత తనను మోసం చేయబోయినవాళ్లను ముందుగానే పట్టుకున్నాడు మర్వోతో. అందుకే పొద్దున జరిగింది ఒక్క మాట వదలకుండా చెప్పాడు. ఆ పిల్ల ముఖం ఎలా ఎర్రబడిందో, తను చేయి ఎలా వెనక్కి తీసుకున్నాడో కూడా చెప్పాడు. వింటూ వింటూ పర్తీని పాత టైరు మీద కూలబడింది. కేకు డబ్బా ఒళ్లో ఒక పక్కకు ఒరిగింది.

"వట్టి అనుమానం అంటావేమో," అన్నాడు. "ఫోన్లో అన్న ప్రతి మాటా నా చెవులతో విన్నాను."

పర్తీని కేకు డబ్బాను తీసి నేల మీద పెట్టింది.

"నేనూ విన్నానురా, వాళ్లమ్మకూ నీకూ పెళ్లి మాట్లాడమని అది ఫోన్ చేసింది నాకే."